దువ్వెనతో మొదలుపెట్టు

ఈ అధ్యాయాన్ని ఊరికే చదివి వదిలేయకు. ముందు కొన్ని వస్తువులు తెచ్చి పక్కన పెట్టుకో. ఒక ప్లాస్టిక్ దువ్వెన, పాత నోటుపుస్తకంలోంచి చింపిన చిన్న చిన్న కాగితం ముక్కలు, సెల్లోటేపు చుట్ట, ఎలక్ట్రీషియన్లు గోడల్లో వేసే పీవీసీ పైపు మూరెడు, ఉన్ని మఫ్లరు, ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా, జామ్ అయిపోయిన గాజు సీసా. దాదాపు అన్నీ ఇంట్లో దొరికేవే. వీటన్నిటికంటే ముఖ్యమైనవి ఇంకో రెండున్నాయి: ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను.

ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ నిలువు గీతతో రెండు భాగాలు చెయ్యి. ప్రయోగం చెయ్యకముందే, ఏం జరుగుతుందని నువ్వు అనుకుంటున్నావో ఎడమ వైపు రాయి. చేశాక నిజంగా ఏం జరిగిందో కుడి వైపు రాయి. రెండూ కలవకపోతే ఎడమ వైపు రాసినదాన్ని కొట్టేయకు, దిద్దకు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఎక్కడుందో ఆ పేజీయే చూపిస్తుంది.

అసలు కరెంటు పాఠం ఎందుకని నీకు అనిపించవచ్చు. కరెంటు విషయంలో మన పిల్లల్లో రెండు రకాలవాళ్ళు కనిపిస్తారు. కొందరు స్విచ్చు బోర్డు దగ్గరికి వెళ్ళడానికే జంకుతారు. కొందరు తడి చేత్తోనే ప్లగ్గు లాగేస్తారు. భయమూ నిర్లక్ష్యమూ పైకి ఎంత వేరుగా కనిపించినా వాటి మూలం ఒకటే: కరెంటంటే ఏమిటో స్వయంగా చూసి తెలుసుకోకపోవడం. ప్లగ్గులో ఉన్న కరెంటుతో ప్రయోగాలు చెయ్యకూడదు, ఆ మాటకు మినహాయింపు లేదు. దువ్వెన మీద ఉన్న విద్యుత్తుతో మాత్రం ఎన్నైనా చెయ్యొచ్చు. రెండు చోట్లా పనిచేసేది ఒకే ఎలక్ట్రాన్. దువ్వెన దగ్గర నిదానంగా నేర్చుకున్నవాడికి ప్లగ్గు దగ్గర ఎలా మసలుకోవాలో చాలావరకు దానంతటదే తెలుస్తుంది.

రుద్దితే ఏం జరుగుతుంది

మొదటి ప్రయోగం నీకు తెలిసిందే. దువ్వెనతో పొడి జుట్టును గబగబా పదిసార్లు దువ్వి కాగితం ముక్కల దగ్గరికి తీసుకెళ్ళు. ముక్కలు లేచి దువ్వెనకు అంటుకుంటాయి. తలకు కొబ్బరినూనె పెట్టుకున్న రోజు ఇది సరిగా జరగదు. దువ్వెనకూ వెంట్రుకలకూ మధ్య నూనె పొర అడ్డం వస్తుంది. అందుకని తలంటుకున్న రోజు, జుట్టు పూర్తిగా ఆరాక చెయ్యి. బడిలో టీచరు చేసి చూపించినప్పుడు పనిచేసింది, ఇంట్లో నీకు రాలేదంటే ముందు అనుమానించాల్సింది జుట్టునూ దువ్వెన శుభ్రతనూ. నీ తెలివిని కాదు.

ఇప్పుడు దీని వెనక సంగతి చూద్దాం. ప్రతి వస్తువూ పరమాణువులతో తయారైంది. పరమాణువు నడుమ కేంద్రకంలో ధనావేశం ఉంటుంది, చుట్టూ ఋణావేశం గల ఎలక్ట్రాన్లుంటాయి. మామూలుగా రెండు ఆవేశాలూ సరిసమానం, అందుకే బయటికి ఏ ప్రభావమూ కనిపించదు. రెండు వేర్వేరు వస్తువులు ఒకదానికొకటి గట్టిగా తగిలి విడిపోయినప్పుడు ఒకదాని పైపొర నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు రెండోదాని మీదికి చేరతాయి. జుట్టు ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకుంటుంది, ప్లాస్టిక్ పట్టుకుంటుంది. దువ్వెనకు ఋణావేశం వస్తే, జుట్టుకు సరిగ్గా అంతే ధనావేశం మిగులుతుంది. వెంట్రుకలన్నిటికీ ఒకే ఆవేశం కాబట్టి అవి ఒకదాన్నొకటి తోసుకుని లేచి నిలబడతాయి. బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి: రుద్దడం వల్ల ఆవేశం పుట్టలేదు. ఉన్నదే చోటు మారింది. విశ్వంలో ఇంతవరకు ఎక్కడ కొలిచి చూసినా మొత్తం ఆవేశం పెరగలేదు, తరగలేదు.

ఇక్కడ చురుకైన పిల్లలకు ఒక సందేహం రావాలి. కాగితాన్ని మనం దేనితోనూ రుద్దలేదు కదా, దానికి ఆవేశం లేదు కదా, మరి దువ్వెన దాన్ని ఎలా లాగింది? దువ్వెన దగ్గరికి రాగానే కాగితంలోని ఎలక్ట్రాన్లు కొద్దిగా అవతలికి జరుగుతాయి. దువ్వెన వైపున్న అంచు కాస్త ధనావేశంగా, అవతలి అంచు కాస్త ఋణావేశంగా మారుతుంది. దగ్గరున్న అంచు మీద లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్న అంచు మీద తోపుడు తక్కువ. అందుకని మొత్తం మీద లాగుడే గెలుస్తుంది. దువ్వెనను కదపకుండా కొంచెంసేపు గమనించు. అంటుకున్న ముక్కల్లో కొన్ని ఉన్నట్టుండి ఎగిరి అవతల పడతాయి. ఆ కాసేపట్లో దువ్వెన మీది ఎలక్ట్రాన్లు కొన్ని వాటి మీదికి పాకాయి. ఇప్పుడు రెండిటిదీ ఒకే ఆవేశం కనుక తోసుకున్నాయి. చాలామంది అంటుకోవడం చూసి అక్కడితో ఆపేస్తారు. ఎగిరిపోయేదాకా చూసినవాళ్ళకు ఇంకో నియమం దొరుకుతుంది.

మన ప్రాంతాల వాతావరణం కూడా ఈ ప్రయోగంలో భాగమే. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వానాకాలంలో ఎంత దువ్వినా కాగితం కదలకపోవచ్చు. సముద్రపు గాలిలోని తేమ దువ్వెన మీద కంటికి కనిపించని నీటి పొరలా పరుచుకుని, చేరిన ఆవేశాన్ని చేరినట్టే జారవిడుస్తుంది. అదే దువ్వెన అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో మార్చి నెల మధ్యాహ్నం బాగా పనిచేస్తుంది. తీరప్రాంతంలో ఉన్నవాళ్ళు దువ్వెననూ కాగితాలనూ కాసేపు ఎండలో పెట్టి తియ్యాలి. ఏసీ గదిలో చేసినా సరే, అక్కడ గాలిలో తేమ తక్కువ. ఒకే ప్రయోగాన్ని వాన రోజున, ఎండ రోజున, ఏసీ గదిలో చేసి మూడు ఫలితాలూ పుస్తకంలో రాసుకున్న పిల్లవాడికి తేమ గురించి ఎవరూ వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

తర్వాత సెల్లోటేపు. జానెడు ముక్కలు రెండు తీసుకుని బల్ల మీద పక్కపక్కన అంటించు. రెండింటినీ ఒక్కసారిగా చర్రున పీకి, అంటుకునే వైపులు బయటికి ఉండేలా ఎదురెదురుగా వేలాడదియ్యి. అవి దగ్గరికి రావు, దూరంగా జరుగుతాయి. ఇప్పుడు ఇంకో రెండు ముక్కలు తీసుకుని ఒకదాని మీద ఒకటి అంటించి, ఆ జంటను వేలితో ఓసారి నిమిరి, తర్వాత విడదియ్యి. ఈసారి అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మొదటి జంటలో రెండు ముక్కలూ బల్ల నుంచి ఒకేలా విడిపోయాయి కనుక రెండిటికీ ఒకే ఆవేశం. రెండో జంటలో ఒకటి పోగొట్టుకున్నది రెండోదానికి చేరింది. ఆవేశాలు రెండే రకాలని 1733లో ఫ్రాన్సులో షార్ల్ దు ఫే గాజుతోనూ గట్టిపడిన చెట్టు జిగుర్లతోనూ చేసి చెప్పినదాన్నే నువ్వు మామూలు టేపుతో చేసి చూశావు. ఏ ముక్క ఏ రకమో తెలియాలంటే జుట్టుతో రుద్దిన దువ్వెనను దగ్గరికి తీసుకెళ్ళు. దువ్వెనది ఋణావేశమని ముందే తెలుసు కాబట్టి, దాని నుంచి దూరంగా జరిగిన ముక్కదీ ఋణావేశమే.

పీవీసీ పైపును మఫ్లరుతో బాగా రుద్ది, పడుకోబెట్టిన ఖాళీ డబ్బా పక్కన పట్టుకుంటే డబ్బా దొర్లుకుంటూ వెంట వస్తుంది. కుళాయిని సన్నని ధార వచ్చేలా తిప్పి పైపును పక్కన పెడితే ధార వంగుతుంది. ఈ రెండూ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చూపించడానికి బాగుంటాయి. చూపించే ముందు మాత్రం ఏం జరుగుతుందో వాళ్ళ చేత చెప్పించు.

గ్రే కట్టిన పట్టుదారం

ఇక్కడ ఒక మనిషి గురించి నిదానంగా చెప్పాలి. స్టీఫెన్ గ్రే పేరు మన పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించదు, ఫ్రాంక్లిన్ పేరూ వోల్టా పేరూ కనిపించినంతగా. నా దృష్టిలో చదువుకునే పిల్లలకు వాళ్ళిద్దరికంటే గ్రేయే దగ్గరివాడు. ఆయన ఇంగ్లండులోని కాంటర్‌బరీలో బట్టలకు రంగులద్దే కుటుంబంలో పుట్టాడు. తనూ అదే పని చేశాడు. ఆస్తిపాస్తులు లేవు, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదు. విద్యుత్తు గురించిన గొప్ప విషయాన్ని ఆయన 1729లో, 62 ఏళ్ళ వయసులో కనిపెట్టాడు.

ఆయన దగ్గర మూడు అడుగులకు పైగా పొడవున్న గాజు గొట్టం ఉండేది. దాన్ని చేత్తో రుద్దితే పక్షి ఈకలను లాగేది. లోపలికి దుమ్ము పోకుండా గొట్టం రెండు చివరలకూ బెండు బిరడాలు పెట్టాడు. ఒకరోజు ఈక గాజు వైపు కాక బిరడా వైపు వెళ్ళడం గమనించాడు. బిరడాను ఎవరూ రుద్దలేదు. అంటే గాజు మీద ఉన్నదేదో బిరడాకు పాకింది. అంతవరకు విద్యుత్తు రుద్దిన వస్తువు మీదే ఉంటుందని అందరూ అనుకునేవారు. గ్రే బిరడాకు ఒక పుల్ల గుచ్చి, పుల్ల చివర దంతపు బంతి పెట్టాడు. బంతి కూడా ఈకను లాగింది. పుల్ల తీసేసి దారం కట్టాడు, పైనుంచి కిందికి వేలాడదీశాడు, ఇంకా పొడవు పెంచాడు. ప్రతిసారీ లాగింది.

దారాన్ని అడ్డంగా ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో చూడాలనుకున్నప్పుడు అసలు కథ మొదలైంది. కెంట్ ప్రాంతంలో గ్రాన్‌విల్ వీలర్ అనే మిత్రుడి ఇంట్లో ఇద్దరూ ప్రయత్నించారు. పొడవాటి దారాన్ని మధ్యలో ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి. దేనిమీద నిలబెడితే దాని గుండా విద్యుత్తు జారిపోతుందేమోనని సందేహం. సన్నగా ఉంటే తక్కువ జారుతుందన్న ఆలోచనతో సన్నని పట్టుదారాన్ని అడ్డంగా కట్టి దాని మీద వేశారు. పనిచేసింది. దారం పొడవు పెంచుకుంటూ పోగా బరువుకు పట్టుదారం తెగిపోయింది. దాని బదులు అంతే సన్నగా ఉండి గట్టిగా ఉండే ఇత్తడి తీగ కట్టారు. గాజు గొట్టాన్ని ఎంత రుద్దినా అవతలి చివర బంతి దగ్గర ఈక ఇసుమంతైనా కదల్లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించు. వాళ్ళు ముందుగా వేసుకున్న లెక్క ప్రకారం సన్నదనం ముఖ్యం. తీగ కూడా సన్నగానే ఉంది. అయినా పనిచెయ్యలేదు. విసుగుపుట్టి గొట్టం పక్కన పడేసి ఉంటే ఆ రోజు అక్కడితో అయిపోయేది. వాళ్ళిద్దరూ అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను పట్టుకుని దాని వెంటే వెళ్ళారు. మారింది సన్నదనం కాదు, పదార్థం. పట్టు విద్యుత్తును ఆపుతుంది, లోహం పోనిస్తుంది. వాహకాలు, అవాహకాలు అని ఈ రోజు నువ్వు పరీక్షలో రెండు మార్కులకు రాసే తేడా అలా తెగిన ఒక దారం నుంచి వచ్చింది. తర్వాత వాళ్ళు పట్టుదారాల మీదే దారాన్ని నిలబెట్టి 200 మీటర్లు దాటించారు. మీ వీధి స్తంభం మీద తీగ కింద కనిపించే తెల్లటి పింగాణీ గిన్నెలు చేసే పని, గ్రే పట్టుదారం చేసిన పనే.

మరుసటి ఏడాది, 1730లో, గ్రే ఒక పిల్లవాణ్ణి విద్యుత్తు దాటలేని తాళ్ళతో పైకప్పు నుంచి బోర్లా వేలాడదీసి, రుద్దిన గొట్టాన్ని అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. పిల్లవాడి ముఖం దగ్గర ఉంచిన సన్నని ఇత్తడి రేకుల ముక్కలు ఎగిరి అతని వైపు వచ్చాయి. మనిషి శరీరం కూడా విద్యుత్తును పోనిస్తుందని లోకానికి చూపించింది ఆ పిల్లవాడే. లండన్ రాయల్ సొసైటీ ఇచ్చే కోప్లీ పతకాన్ని మొట్టమొదట, 1731లో, అందుకున్నది గ్రే.

జామ్ సీసాలో విద్యుద్దర్శిని

ఇప్పుడు ఆవేశం ఉందో లేదో చూపించే ఒక పరికరాన్ని, విద్యుద్దర్శినిని, నీ చేత్తో తయారుచెయ్యి. సీసా మూతకు నడుమ చిన్న రంధ్రం చేసి మందపాటి రాగి తీగను దూర్చు. లోపలి చివరను కొక్కెంలా వంచి, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు నుంచి కత్తిరించిన రెండు సన్నని ముక్కలను పక్కపక్కన తగిలించు. బయటి చివరను చిన్న చుట్టలా తిప్పు, లేదా దానికి రేకు ఉండ ఒకటి గుచ్చు. తీగ మోటారు వైండింగు షాపులో దొరికినదైతే దాని మీద వార్నిష్ పూత ఉంటుంది. రేకులు తగిలే చోటా, పై చివరా ఆ పూతను గీకెయ్యాలి. బ్లేడు పనిని పెద్దవాళ్ళ చేత చేయించు. మూత ప్లాస్టిక్‌దై ఉండాలి. లోహపు మూతైతే సరిగా పనిచెయ్యదు, తడి పట్టిన అట్టముక్కైనా అంతే. ఎందుకో గ్రే నీకు ముందే చెప్పాడు.

రుద్దిన దువ్వెనను పై చివర దగ్గరికి తీసుకురా, తగలనివ్వకు. లోపలి రేకులు విచ్చుకుంటాయి. దువ్వెనను దూరం తీసుకెళితే మూసుకుంటాయి. ఈసారి దువ్వెనతో తీగను తాకించి రాసి తీసెయ్యి. దువ్వెన లేకపోయినా రేకులు విచ్చుకునే ఉంటాయి. వేలితో ముట్టుకుంటే మూసుకుంటాయి, ఎందుకంటే ఆవేశం నీ శరీరం గుండా నేలలోకి పోయింది.

ఇప్పుడు కష్టమైనది. దువ్వెనను దగ్గరగా పట్టుకుని ఉండగానే రెండో చేతి వేలితో తీగను ముట్టుకో. ముందు వేలు తీసెయ్యి, తర్వాతే దువ్వెన తీసెయ్యి. రేకులు విచ్చుకుంటాయి. దువ్వెన తగలనే లేదు, అయినా ఆవేశం వచ్చింది. అది దువ్వెన ఆవేశమా, దానికి వ్యతిరేకమా? దువ్వెనను మళ్ళీ నెమ్మదిగా దగ్గరికి తెస్తే రేకులు ఇంకా విచ్చుకుంటాయా, మూసుకుంటాయా? జవాబు ఇక్కడ రాయను. ముందు నీ పుస్తకంలో ఎడమ వైపు రాయి, తర్వాత చేసి చూడు. చిన్న సాయం మాత్రం చేస్తాను: దువ్వెన దగ్గరున్నంతసేపూ ఎలక్ట్రాన్లు దానికి దూరంగా పారిపోవాలని చూస్తాయి, నీ వేలు వాటికి దారి ఇచ్చింది.

నిలిచిన ఆవేశం, పారే కరెంటు

దువ్వెన మీది ఆవేశం ఒకచోట నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని స్థిర విద్యుత్తు అంటాం. అదే ఆవేశం తీగలో ఎడతెగకుండా కదులుతూ ఉంటే కరెంటు. 1800లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా జింకు, రాగి బిళ్ళల మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతరగా పేర్చేదాకా మనుషులకు ఎడతెగని కరెంటు దొరకలేదు. నువ్వు గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు ఆ దొంతర సంతానమే.

వోల్టు, ఆంపియర్, నిరోధం అనే మూడింటినీ కలగాపులగం చేసుకోకుండా ఉండాలంటే డాబా మీద నీళ్ళ ట్యాంకును తలుచుకో. ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నది వోల్టేజి. కుళాయిలోంచి సెకనుకు ఎన్ని నీళ్ళు వస్తున్నాయన్నది ఆంపియర్లు. గొట్టం సన్నగా ఉండి నీటిని అడ్డుకోవడం నిరోధం, దాన్ని ఓముల్లో కొలుస్తారు. గొట్టమంతా ముందే నీళ్ళతో నిండి ఉంటుంది కనుక కుళాయి తిప్పగానే ధార వస్తుంది, ట్యాంకులోని నీళ్ళు కిందికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తీగలోనూ అంతే. ఒక్కో ఎలక్ట్రాన్ ముందుకు జరిగే వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే కూడా తక్కువే. అయినా స్విచ్చు వెయ్యగానే బల్బు వెలుగుతుంది. ఒక ఆంపియర్ అంటే తీగలో ఒకచోట సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు దాటుతున్నాయని అర్థం.

పిల్లలు తరచూ తప్పుగా అర్థం చేసుకునే లెక్క ఒకటుంది, దాన్ని విడమరిచి చెబుతాను. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప గేటు ముట్టుకున్నప్పుడు చటుక్కున తగిలే షాకు ఎన్ని వోల్టులదో తెలుసా? గాలిలో ఒక మిల్లీమీటరు దూరం నిప్పురవ్వ దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. అంటే మూడు మిల్లీమీటర్ల రవ్వ దూకిందంటే నీ ఒంటి మీద దాదాపు 9,000 వోల్టులు ఉన్నాయి. అయినా నీకేమీ కాలేదు. ఇంట్లో ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులే. అది ప్రాణం తీస్తుంది. ఎందుకు? నీ ఒంటి మీద చేరిన ఆవేశం చాలా కొంచెం, క్షణంలో వందో వంతు కూడా నిలవకుండా ఖర్చైపోతుంది. ప్లగ్గు వెనక మాత్రం విద్యుత్ కేంద్రం ఉంది, నువ్వు పట్టుకున్నంతసేపూ అది పంపుతూనే ఉంటుంది.

అంకెల్లో చూడు. పొడి చర్మం నిరోధం వేల ఓములు ఉంటుంది. తడిస్తే వెయ్యి ఓములకు పడిపోవచ్చు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది: 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్. గుండె లయ తప్పడానికి 0.1 ఆంపియర్ చాలు. ఇళ్ళల్లో ప్రాణరక్షణకు పెట్టే ట్రిప్ స్విచ్‌ను 0.03 ఆంపియర్ నేలలోకి జారగానే కరెంటును తెంచేసేలా తయారుచేస్తారు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు 0.04 ఆంపియర్. అంత చిన్న బల్బును వెలిగించే కరెంటు మనిషి ఛాతీ గుండా పోతే ప్రమాదమే. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోవద్దని అమ్మ ఎందుకంటుందో ఈ భాగహారం చెబుతుంది.

ప్లగ్గులో మూడో పిన్ను మిగతా రెండిటికంటే పొడవుగా, లావుగా ఉండటం గమనించావా? అది ఎర్త్ పిన్ను. పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర వదులుతుంది. ఇస్త్రీపెట్టె లోపల తీగ తెగి పైరేకుకు తగిలినా, ఆ కరెంటు నీ గుండా కాకుండా ఆ పిన్ను గుండా నేలలోకి వెళుతుంది. కొందరు సాకెట్టులో సులువుగా పట్టడం లేదని ఆ పిన్నును విరిచేస్తారు. అలా విరిచిన ప్లగ్గు కనిపిస్తే వాడనివ్వకు.

స్థిర విద్యుత్తు ఆటవస్తువు మాత్రమే కాదు. 1938 అక్టోబరు 22న న్యూయార్కులో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు పలకను చేతిరుమాలుతో రుద్ది ఆవేశం ఎక్కించి, రాతలున్న గాజు పలక గుండా దాని మీద వెలుగు పడేలా చేసి, పొడి చల్లి, అక్షరాలను కాగితం మీదికి దింపాడు. మీ కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు అక్కడ మొదలైంది. రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల్లో పొగతో పాటు వెళ్ళే బూడిదకు ఆవేశం ఎక్కించి పలకల మీదికి లాగి పట్టుకుంటారు. ఆ బూడిదతోనే ఇటుకలు చేస్తున్నారు.

పిడుగు

మేఘంలో మంచు పలుకులూ మెత్తని వడగళ్ళూ గుద్దుకుంటాయి. దువ్వెనకూ జుట్టుకూ మధ్య జరిగినట్టే అక్కడా ఆవేశం చేతులు మారుతుంది. తేలికైన పలుకులు ధనావేశంతో పైకి పోతాయి, బరువైనవి ఋణావేశంతో కింద ఉంటాయి. ఆ తేడా పెరిగి పెరిగి గాలి తట్టుకోలేనప్పుడు పిడుగు దూకుతుంది. అందులో సాధారణంగా సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు ఉంటుంది. అది పోయే దారిలో గాలి సూర్యుడి ఉపరితలం కంటే అయిదు రెట్లు వేడెక్కుతుంది.

మెరుపూ నిప్పురవ్వా ఒకటేనని, అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ సూచించిన ప్రకారం 1752 మేలో ఫ్రాన్సులో ఇనుప కడ్డీతో మొదట నిరూపించారు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గులో అలాంటి ప్రయోగమే చేస్తూ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త పిడుగు తగిలి చనిపోయాడు. గాలిపటంతో మెరుపును దింపే కథ చదివి దాన్ని చెయ్యాలని ఎప్పుడూ అనుకోకు.

మన పల్లెల్లో ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకోవడం తరతరాల అలవాటు. తలుచుకో, తప్పులేదు. తలుచుకుంటూనే చెట్టు కింది నుంచి బయటికి రా. ప్రతి ఏడాదీ మన రెండు రాష్ట్రాల్లో పొలాల్లో పనిచేసేవాళ్ళు, గొర్రెల కాపరులు పిడుగుపాటుకు బలవుతున్నారు. వాళ్ళలో చాలామంది వానకు తడవకుండా చెట్టు కింద చేరినవాళ్ళే. పిడుగు చెట్టు మీద పడ్డాక కరెంటు వేళ్ళ గుండా నేలంతా పరుచుకుంటుంది. చెట్టుకు దగ్గరున్న చోట వోల్టేజి ఎక్కువ, దూరమయ్యేకొద్దీ తక్కువ. రెండు కాళ్ళు ఎడంగా ఉంటే ఒక కాలి నుంచి ఇంకో కాలికి కరెంటు పాకుతుంది. గేదెలకూ గొర్రెలకూ ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ దూరంగా ఉంటాయి, అందుకే మందలకు మందలు ఒకేసారి పడిపోతాయి.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టు. ఉరుము వినపడేసరికి మూడు సెకన్లైతే అది కిలోమీటరు దూరంలో ఉంది. ముప్ఫై సెకన్లలోపు వినిపించిందంటే పది కిలోమీటర్లలోపు ఉన్నట్టే, వెంటనే పక్కా ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. పొలం మధ్యలో చిక్కుకుంటే, ఒంటరి చెట్లకూ స్తంభాలకూ దూరంగా, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి గొంతుకూర్చో. పడుకోవద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఇంట్లో ఫోను ఉన్నవాళ్ళ చేత వేయించు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందన్నది అబద్ధం. ఒంట్లో కరెంటు నిలవదు. వెంటనే దగ్గరికి వెళ్ళి, ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కుతూ, 108కి ఫోను చేయించాలి.

ఇంటి కరెంటు పట్టుకున్న మనిషి సంగతి మాత్రం వేరు. అతన్ని ముట్టుకుంటే నీకూ తగులుతుంది. ముందు మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి. రోడ్డు మీద తెగిపడిన తీగ కనిపిస్తే దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా 1912కి చెప్పించు.

నోటుపుస్తకంలో చివరి పేజీ మీ ఇంటి కోసం ఉంచు. ఎర్త్ పిన్ను విరిగిన ప్లగ్గులెన్ని, కూలర్లో నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు తీస్తున్నారా, బకెట్లో హీటర్ రాడ్ ఉండగానే నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తున్నారా, చూసి రాయి. తర్వాత బయటికెళ్ళి బట్టలారేసే దండెం చూడు. అది ఇనుప తీగై, ఒక కొస సర్వీసు వైరుకో రేకుల షెడ్డుకో దగ్గరగా కట్టి ఉంటే, తడి బట్ట వేసేవాళ్ళకు అది ప్రాణాంతకం. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ అలాంటి దండేల వల్ల ఇప్పటికే ఎన్నో ఇళ్ళు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. ఈ రోజే నాన్నకు చూపించు. ఆ తీగ తీయించి నైలాన్ తాడు కట్టించు.